టిఫిన్ డబ్బాలో ముద్దవ్వ

తుమ్మింది! పసుపు ముద్ద తుమ్మింది! పోయిన వారం కథ సరిగ్గా అక్కడ ఆగింది. ముద్దకు ముక్కెక్కడిదని నన్ను అడగకండి. కరుణశ్రీ కూడా ముందు దాని కోసమే వెతికింది, ఎంత వెతికినా కనబడలేదు.

అంతకు ముందు సంగతి మరిచిపోయినవాళ్ల కోసం ఒక్క గుక్కలో చెప్పేస్తాను. ఆర్మూరు ఊరి చివర, నల్లబండల గుట్ట కింద గంగాధర్ పటేలు కల్లం ఉంది. తవ్వి తెచ్చిన పసుపును ఉడకబెట్టేదీ ఆరబోసేదీ అక్కడే. ఆ రోజు ఈ సీజన్‌లో మొదటి ఉడుకు. పసుపును ఆవిరితో ఉడికించే పెద్ద కుక్కర్‌కి పూజ చేయకుండా పొయ్యి ముట్టించరు, పసుపు ముద్దను గౌరమ్మగా చేసి కూర్చోబెట్టకుండా పూజ మొదలుపెట్టరు. ఏటేటా ఆ ముద్ద చేసేది రత్నవ్వ. ఆవిడేమో మోర్తాడ్‌లో పెళ్లికి పోయి బస్సు దొరక్క అక్కడే చిక్కుకుంది. కూలీల పెద్ద లస్మవ్వ చేద్దామంటే ఆమె కుడిచేతి ఉంగరపు వేలికి ఎప్పుడూ గుడ్డపీలిక చుట్టి ఉంటుంది. ఎప్పుడో కుక్కర్ దగ్గర కాలిందట, ఏళ్లు గడిచినా మానదట. అందుకని లస్మవ్వ పెంచుకుంటున్న పదేళ్ల కరుణశ్రీని పిలిచారు. పసిగుడ్డుగా ఇదే కల్లంలో పసుపు రాశి పక్కన దొరికిందని లస్మవ్వ చెప్పే పిల్ల ఆమె. అమ్మెవరో నాన్నెవరో తెలియదు. సబ్బెట్టి రుద్దినా ఆమె అరచేతుల పసుపు పోదు, ఆ సంగతి మీద బడిలో పిల్లలు ఏడిపించని రోజు లేదు.

ఆ పచ్చచేతులతో ముద్ద చేసింది. బొటనవేలితో నొక్కి నిలబెట్టింది. బొట్టు పెట్టింది. పూజయ్యాక అందరూ కొబ్బరి ముక్కల కోసం అటు తిరిగారు. ముద్ద రెండు కళ్లు తెరిచి, "హాచ్చి!" అంది.

"నీకు నిండు నూరేళ్లు," అంది కరుణశ్రీ అలవాటుగా. తర్వాత గానీ తను ఎవరితో అన్నదో తట్టలేదు. కెవ్వుమని అరుద్దామని నోరు తెరిచింది, కానీ అరుపుకు బదులు నవ్వొచ్చింది.

"నవ్వుడెందుకే పొల్లా?" అంది ముద్ద. గొంతు ముసలిది, కానీ పిట్టంత. "పిలిచినవు, పీట మీద కూసోవెట్టినవు. బెల్లమేది?"

"నువ్వు... గౌరమ్మవా?"

"లెంపలేసుకో! గౌరమ్మ అంటే గౌరమ్మే. ఆమె వచ్చింది, దీపం సూసింది, పోయింది. నేను ఆమె కూసున్న ముద్దను, అంతే. ముద్దలన్నిటికీ గిట్ల కండ్లు రావు. నీ చెయ్యి వడ్డది, నాకు వచ్చినయి."

కరుణశ్రీ తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. రోజూ చూసే చేతులే. బడిలో ఎవరికీ కనబడకుండా గౌను వెనక దాచుకునే చేతులే.

"నా చేతిల ఏమున్నది?"

"మీ అమ్మ చేతిల ఏముండెనో గదే ఉన్నది," అంది ముద్ద తాపీగా. "గా నొక్కు సూడు. ఎడమ దిక్కు జర లోతు. గట్ల నొక్కే చెయ్యి నేను ఇంకొక్కదాని దగ్గరనే సూసిన."

కరుణశ్రీ చటుక్కున ముద్ద మీదికి వంగింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెతో ఎవరూ 'మీ అమ్మ' అనే మాటే అనలేదు. అనడానికి ఎవరికీ ఏమీ తెలియదు మరి.

"నిన్ను ఇందాకనే చేస్తి గద! మా అమ్మ నీకెట్ల ఎరుక?"

"పసుపుకు విత్తనముంటదానే? పోయినేటి కొమ్మే గద మళ్ల నాటుతరు! గా కొమ్మే మొలుస్తది, గా కొమ్మే పిల్లలు వెడతది. మాకు సావూ లేదు, మరుపూ లేదు."

ఇంకేం కావాలి! కరుణశ్రీ అటూ ఇటూ చూసి, ముద్దను రెండు చేతుల్లోకి తీసుకుని తన టిఫిన్ డబ్బాలో పెట్టేసింది. జొన్నరొట్టె ఒక పక్కకు జరిపి చోటు చేసింది. ముద్దవ్వ అని పేరు కూడా అక్కడికక్కడే పెట్టేసింది. మామిడికాయ తొక్కు వాసనకు ముద్దవ్వ మళ్లీ తుమ్మింది.

ఆ తొందరలో మన కరుణశ్రీ ఒక పని మరిచిపోయింది. తెలిస్తే కదా చేయడానికి! పూజకు పిలిచి కూర్చోబెట్టిన ముద్దను పూజయ్యాక బొట్టు పెట్టి, ఉత్తరం దిక్కుకు కాస్త జరిపి సాగనంపాలి. ఏటేటా చేసే రత్నవ్వకు అది చేతి అలవాటు. కొబ్బరి తింటున్న ఆడవాళ్లలో ఒక్కరూ 'సాగనంపినవా?' అని అడగలేదు. అసలు గోలంతా అక్కడ మొదలైంది.

లస్మవ్వ పెనిమిటి నడిపయ్య పొయ్యి ముట్టించాడు. పొయ్యి దగ్గర ఆయన్ని మించినవాడు లేడని ఊళ్లో పేరు. మంటతో మాట్లాడతాడు, బుజ్జగిస్తాడు, అవసరమైతే తిడతాడు. కుక్కర్ నీళ్లు మసిలి, ఆ ఆవిరి గొట్టాల్లోంచి పసుపు నింపిన డ్రమ్ముల్లోకి పోవాలి. డ్రమ్ము మూత సందుల్లోంచి తెల్లగా పొగలు ఎగజిమ్మితే ఉడికినట్టు లెక్క.

మంట భగభగా మండింది. పక్కన నిలబడ్డవాళ్ల మొహాలు ఎర్రబడ్డాయి. డ్రమ్ములు మాత్రం చల్లగా కూర్చున్నాయి. నడిపయ్య ఇంకో మొద్దు తోశాడు, ఇంకోటి తోశాడు. చివరికి అనుమానమొచ్చి కుక్కర్ నల్లా తిప్పి చేయి పెట్టి చూశాడు. చేయి వెనక్కి తీసుకోలేదు. దోసిలి పట్టాడు, తాగాడు!

"ఏమే, గిటు రా," అని పెళ్లాన్ని పిలిచాడు. "కుండల నీళ్ల లెక్క సల్లగున్నయే! కింద గింత మంటున్నది, గిదేం కథ?"

లస్మవ్వ వచ్చి ఎడమచేయి పెట్టి చూసింది. కూలీ ముత్తెమ్మ వచ్చి చూసింది. చూసినవాళ్లందరూ తాగారు కూడా, ఎండ అలా ఉంది మరి. కడుపులు చల్లబడ్డాయి గానీ పసుపు ఒక్క కొమ్ము ఉడకలేదు.

ఆ సమయానికి రత్నవ్వ ఆటో దిగింది. పెళ్లిచీర ఇంకా ఒంటి మీదే ఉంది. బుగ్గన తమలపాకు, చూపుడు వేలికి సున్నం. సంగతి వినగానే నడుం మీద చేయి వేసుకుంది.

"గౌరమ్మను ఎవలు చేసిండ్రు?"

అందరి కళ్లూ కరుణశ్రీ వైపు తిరిగాయి. ఆమె డబ్బాను కడుపుకు హత్తుకుని ట్రాక్టర్ చక్రం వెనక్కి జరిగింది.

"గీ పోరియా!" అంది రత్నవ్వ. "అమ్మ ఎవలో అయ్య ఎవలో ఎరుకలేని పోరి చేతుల వెడితిరా? నీళ్లు గరం గమ్మంటె ఎట్లయితయి? నేనొచ్చేదాంక జర ఆగరాదుండె?"

"మాట సక్కగ రానియ్యి రత్నవ్వా," అంది లస్మవ్వ. "పొల్లకు పేరున్నది. కరుణశ్రీ."

గంగాధర్ పటేలు అప్పటిదాకా ఫోన్ చెవికి పెట్టుకుని కల్లం చుట్టూ తిరుగుతున్నాడు. చెడ్డవాడు కాదు. కానీ తవ్విన పసుపు పచ్చిగా కుప్ప మీద పడి ఉంది. అది ఎండకు అలాగే మగ్గితే కుళ్లిపోతుంది, ఏడాదంతా పడ్డ కష్టం మట్టిలో కలుస్తుంది. ఆ భయం మనిషిని అరిపిస్తోంది.

"నాకు గవన్నీ ఎరుకలేదు లస్మవ్వా! పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి ఆవిరి రావాలె. లేకుంటె వేల్పూరు నుంచి ఇంకో కుక్కర్ పిలిపిస్త, సీజనంత వాళ్లే సూసుకుంటరు. ఇంకోటి ఇను. ఆవిరొచ్చినా రాకున్నా గా పొల్ల ఇంక నా కల్లంల కాలువెట్టొద్దు."

"చిన్న పొల్ల పటేలా..."

"నిజామాబాద్ల హాస్టల్ ఉన్నది గద లస్మక్కా," అంది రత్నవ్వ. ఈసారి గొంతు కాస్త తగ్గించింది. "కడుపు నిండ వెడతరు, సదువు చెప్తరు. అందరం బతకాలె గద. ఏసి రారాదు?"

హాస్టల్ అనే మాట కరుణశ్రీ చెవిలో పడింది. ఆమెకు ఈ లోకంలో ఉన్నదల్లా ఒకటే ఇల్లు, అందులో ఒక అవ్వ, ఒక తాత. పడుకునేటప్పుడు అవ్వ కొంగు చేతికి చుట్టుకోకపోతే ఆమెకు నిద్ర పట్టదు. హాస్టల్లో ఎవరి కొంగు చుట్టుకుంటుంది?

"పొల్ల యాడుంటె నేను గాడుంట," అంది లస్మవ్వ. మాట గట్టిగానే అంది.

అప్పుడు ముత్తెమ్మ, పాపం ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి, చిన్నగా అడిగింది. "మరి మా సంగతేందక్కా? నువ్వు పోతె మమ్ములనెవలు పిలుస్తరు?"

లస్మవ్వ తల దించుకుంది. అవ్వ ఎవరి ముందైనా తల దించడం కరుణశ్రీ అదే మొదటిసారి చూడటం. చూడలేక ట్రాక్టర్ వెనక కూలబడి డబ్బా మూత తెరిచింది.

ముద్దవ్వ రొట్టె మీద వాలి హాయిగా పడుకుని ఉంది. పూజ పళ్లెంలోంచి తెచ్చి పెట్టిన బెల్లం ముక్క సగం ఖాళీ.

"ముద్దవ్వా, లే! మా అమ్మ ముచ్చట చెప్తనంటివి గద. జల్ది చెప్పు!"

"చెప్తున్న గద. యాడిదాంక వచ్చిన? ఆఁ, దుంప నాటిండ్రు. మట్టి కప్పిండ్రు. గప్పుడు వాన వడ్డది. మొలక..."

"మొలక ముచ్చట గాదు! మా అమ్మ!"

"నడిమిట్లకెళ్లి చెప్పుడు నాకు రాదే. మా ముచ్చట్లన్నీ నాటిన కాడికెళ్లి మొదలుగావాలె. ఇప్పుడే గద మొలకొచ్చింది. ఆకులు రావాలె, ఊరాలె, తవ్వాలె. గా తవ్వే కాడ మీ అమ్మ వస్తది. నువ్వు గాయి గాయి చేస్తె నేను మళ్ల మొదటికెళ్లి చెప్పవలసొస్తది."

కరుణశ్రీకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "గాడ నీళ్లు మసులుత లేవు! నన్ను హాస్టల్ల ఏస్తరట! నీకేమో మొలకలు!"

ముద్దవ్వ నమలడం ఆపింది. కళ్లు అటు తిప్పింది, ఇటు తిప్పింది. అచ్చం దొంగతనంగా వెన్న తిని దొరికిపోయిన పిల్లిలా మొహం పెట్టింది.

"నీళ్లా... గవి నా కోసమే ఆగినయి."

"ఏందీ?"

"ఇంటికొచ్చిన సుట్టం గడపల నిలవడి ఉంటె ఎవలన్న పొయ్యి కాడ కూసుంటరా? సుట్టాన్ని సాగనంపినంకనే గద మిగిలిన పని. నన్ను నీ చేత్తోని పిలిచినవు. నీ చేత్తోని పంపేదాంక గీ కల్లంల మంటకైనా నీళ్లకైనా పని సాగది. మర్యాదనే అది."

"ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

"చెప్తె పంపుతవు గద," అంది ముద్దవ్వ. గొంతు మరీ చిన్నదైపోయింది. "బెల్లం బాగున్నది. నువ్వు గూడ బాగున్నవు. నాతోని గింతసేపు ఎవలూ ముచ్చట పెట్టలేదే."

ఇప్పుడు చెప్పండి, ఈ పిల్ల ఏం చేయాలి? పుట్టాక మొదటిసారి తనతో స్నేహం చేసిన మనిషి, మనిషి కాకపోతే ముద్ద, డబ్బాలో ఉంది. అమ్మ సంగతి తెలిసిన ఒక్కరూ అందులోనే ఉన్నారు. ముద్దవ్వను పంపేస్తే అమ్మ కథ మొలక దగ్గరే ఆగిపోతుంది. పంపకపోతే అవ్వ తల అలాగే దించుకుని ఉంటుంది. నేనైతే ఇంకో బెల్లం ముక్క పెట్టి కథ త్వరగా నడిపించమని బతిమాలేవాణ్ణి. కరుణశ్రీ కూడా అదే చేయబోయింది.

"ఓహో! గీడ దాసుకున్నవా?"

రత్నవ్వ! ట్రాక్టర్ మీదుగా వంగి, మూత వేసేలోపే డబ్బా లాక్కుంది.

"సూడుండ్రి అందరు! గౌరమ్మను రొట్టెల పక్కన పండవెట్టింది! తొక్కు అంటింది సూడు! సాగనంపనన్న లేదు, గందుకే గింత అరిష్టం!" అంటూ సున్నం అంటిన వేలితో ముద్దను పొడిచి చూపించింది.

అంతే! వేలు తగిలిన చోట ముద్ద ఎర్రగా మారిపోయింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని రత్నవ్వకు తెలియదా? ఎన్ని హారతులకు ఎర్రనీళ్లు కలపలేదు! కానీ ఆ క్షణంలో ఆమెకు ముద్ద కనబడలేదు, నెత్తురు కనబడింది.

"అమ్మో రగుతం! గౌరమ్మకు రగుతం వచ్చింది!" డబ్బా గాల్లోకి విసిరేసింది.

కరుణశ్రీ ఎగిరింది. రొట్టె ఎటు పోయిందో, తొక్కు ఎవరి చీర మీద పడిందో (పెళ్లిచీర మీదే పడింది) చూడలేదు. రెండు పచ్చచేతులు చాచి ముద్దవ్వను కింద పడకుండా పట్టుకుంది.

"సున్నం!" అని మూలిగింది ముద్దవ్వ. ఆ గొంతు కరుణశ్రీకి తప్ప ఎవరికీ వినబడటం లేదు. "మంటవుడుతున్నదే పొల్లా, సున్నం!"

అంతా చుట్టూ మూగారు. గంగాధర్ పటేలు చేతిలో ఫోన్ మోగుతోంది, వేల్పూరు నుంచి కావచ్చు. లస్మవ్వ జనాన్ని తోసుకుంటూ వస్తోంది. కరుణశ్రీ అందరి మొహాలూ చూసి, ఇక దాక్కోవడం వల్ల లాభం లేదనుకుంది. చేతులు కూడా దాచుకోలేదు.

"తప్పయింది," అంది గట్టిగా. "సాగనంపాల్నని నాకెరుకలేదు. ఎవలూ చెప్పలే. ఇప్పుడు పంపుత. పటేలా, జర ఆగి ఫోనెత్తు."

కల్లంలో అంత పెద్ద మనిషికి ఆగమని చెప్పిన చిన్నపిల్ల అంతకు ముందు లేదు. ఎందుకో ఆయన ఆగాడు.

కరుణశ్రీ పూజ చేసిన చోటికి పోయి ముద్దవ్వను పీట మీద కూర్చోబెట్టింది. మిగిలిన బెల్లం ముక్క పక్కన పెట్టింది. కుంకుమ భరిణెలో ఉంగరపు వేలు ముంచింది.

"నాకు పంపబుద్ధి అయితలేదు ముద్దవ్వా," అంది, ఎవరికీ వినబడనంత మెల్లగా. "కానీ గాడ మా అవ్వ తల దించుకున్నది."

"ఎరుకేనే," అంది ముద్దవ్వ. "పెట్టు బొట్టు."

కరుణశ్రీ బొట్టు పెట్టింది. ఎర్ర మచ్చ పక్కన ఎర్ర బొట్టు నిలిచింది. ముద్దవ్వ కళ్లు మెరిశాయి.

"సూసినవా, బొట్టు వెట్టి పంపుతున్నవు. ఇగ నాకు మళ్లొచ్చే తొవ్వ దొరుకుతది. ఏ పొలంలనో మొలుస్త, ఏ డబ్బాలనో తేలుత. మీ అమ్మకు గదే లేకపాయె."

పీటను ఉత్తరం దిక్కుకు జరపబోతున్న కరుణశ్రీ చేయి ఆగింది.

"ఆపకు, జరుపు! మొదలుపెట్టిన పని ఆపొద్దు. నా జిందగీల ఒక్కపారి కొసకెళ్లి చెప్త, ఇను. మీ అమ్మ సావలేదే పొల్లా! బొట్టు వెట్టకుండ పంపిండ్రు. గసొంటి చేతులున్నోళ్లను బొట్టు వెట్టకుండ పంపితె వచ్చిన తొవ్వ మాయమైతది. ఎన్నేండ్ల సంది తిరుగుతున్నదో పాపం! నీ కోసమే తిరుగుతున్నది."

"ఎవలు? ఎవలు పంపిండ్రు?"

కానీ చేయి అప్పటికే పీటను జరిపేసింది. గుట్ట వైపుకు, ఉత్తరానికి. ముద్దవ్వ ఒక్కసారి కళ్లు తిప్పి జనం వైపు చూసింది. అక్కడ లస్మవ్వ ఉంది, రత్నవ్వ ఉంది, పటేలు ఉన్నాడు, అందరూ ఒకే గుంపుగా ఉన్నారు. తర్వాత ఆ కళ్లు మూతబడ్డాయి. ముద్ద ఆరిపోయి, చిట్లి, పీట మీద పిడికెడు పసుపై రాలిపోయింది.

"పోయి రా ముద్దవ్వా," అంది కరుణశ్రీ.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత కుక్కర్ కడుపులో గుడగుడమని చప్పుడైంది. నడిపయ్య నల్లా దగ్గర నుంచి ఒక్క గెంతు గెంతాడు. "మసులుతున్నయి! ఓ లస్మీ, మసులుతున్నయే!" పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచానని కూడా చూసుకోలేదు ఆయన. గొట్టాలు ఊగాయి, డ్రమ్ములు దడదడలాడాయి. మూత సందుల్లోంచి ఆవిరి తెల్లగా, దట్టంగా, ఈలలు వేస్తూ ఎగిసింది. ఉడుకుతున్న పసుపు వాసన కల్లమంతా కమ్ముకుంది. ముత్తెమ్మ ఏడ్చేసింది. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. పటేలు ఫోన్ ఎత్తి, "ఏం లేదన్నా, ఉత్తగనే చేసిన. మీరు రాకుండ్రి," అని పెట్టేశాడు. పెట్టేసి కరుణశ్రీ వైపు చూశాడు.

"పొల్లను గీడనే ఉండనీ లస్మవ్వా," అన్నాడు. "ఇగ మీదట గౌరమ్మను గా పొల్లనే చెయ్యనీ."

"నేను వేలు వెట్టంగనే గద గరమైంది," అంది రత్నవ్వ, చీర మీది తొక్కు తుడుచుకుంటూ. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కూడా పెద్దగా పట్టించుకోలేదు, మరుక్షణం అందరితో పాటు నవ్వుతూ గంప అందుకుంది.

లస్మవ్వ ఉరికొచ్చింది. ఆవిరి తగలకుండా కరుణశ్రీని పక్కకు లాగి గట్టిగా కావలించుకుంది. పీట మీది పిడికెడు పసుపులోంచి కాస్త తీసి పిల్ల రెండు బుగ్గలకూ రాసింది.

"ఎంత పని చేసినవు బిడ్డా! నిన్ను నేను యాడికన్న పంపుతననుకున్నవా? నిన్ను యాడికీ పంపనే!"

కరుణశ్రీ ఆ గుండెలో మొహం దాచుకుంది. అమ్మ బతికే ఉంది! ఈ మాట ముందుగా అవ్వకే చెప్పాలి. అవ్వ ఎంత సంతోషిస్తుందో! ఇద్దరూ కలిసి వెతుకుతారు, తాతను కూడా తీసుకెళ్తారు. బొట్టు పెట్టకుండా పంపిన ఆ పాపిష్టి మనిషి ఎవరో పట్టుకుంటారు. రత్నవ్వే అయ్యుంటుంది, ఇంకెవరు!

"అవ్వా, నీకొక ముచ్చట చెప్పాలె," అని తలెత్తింది.

అప్పుడే కనబడింది. ఆవిరికి తడిసి బరువెక్కిన గుడ్డపీలిక అవ్వ ఉంగరపు వేలి నుంచి ఊడి కింద పడింది. ఇన్నేళ్లలో ఆ కట్టు ఎవరినీ ముట్టనివ్వలేదు లస్మవ్వ, ఉతికినా చాటుకు పోయి ఉతుక్కునేది. కరుణశ్రీ వంగి దాన్ని తీసింది. కట్టడానికి అవ్వ చేయి పట్టుకుంది.

వేలికి గాయం లేదు. కాలిన మచ్చ కూడా లేదు. వేలి కొసన కుంకుమ ఉంది. నుదుట పెట్టడానికి ఇప్పుడే భరిణెలో అద్ది తీసినట్టు, ఎర్రగా, ఇంకా తడి ఆరకుండా ఉంది.

కరుణశ్రీ అవ్వ కొంగుతో తుడిచి చూసింది. కొంగుకు అంటలేదు, వేలిని వదల్లేదు. తన అరచేతుల పసుపులాగే అది కూడా పోయేది కాదు.

"అవ్వా," అంది. "గీ బొట్టు ఎవలికి వెట్టేదుండె?"

వెనక ఆడవాళ్లు నవ్వుతూ డ్రమ్ము మూత ఎత్తుతున్నారు. లస్మవ్వ చేయి వెనక్కి లాక్కోలేదు. కల్లం దాటి, గుట్ట కిందుగా పోయే బాట వైపు చూసింది.

"పెడ్దామనే తీసిన బిడ్డా," అంది. "గప్పటికే మీ అమ్మను పొమ్మన్న."